కైలాసం సారూ, చెవిలో గ్యాసూ

కైలాసం సారుతో మీరు ఏ మాట మొదలుపెట్టినా సరే, మూడో వాక్యానికల్లా అది చెవిలోకి దూరుతుంది. బయటి చెవి అనుకునేరు, కాదు. లోపలి చెవి. అక్కడికి చేరాక నైట్రిక్ ఆక్సైడ్ ఒక్క అడుగు దూరం. ఎండల గురించి అడగండి, బస్సు టైము అడగండి, ఆయన బస్సు ఎక్కడెక్కినా దిగేది మాత్రం ఆ స్టేజీలోనే.

మందమర్రి మార్కెట్లో కూరగాయలమ్మే బుచ్చవ్వ పాపం తెలియక ఒకసారి "సారూ, టమాటలు మంచిగున్నయి, తీస్కపోరాదు" అంది. "టమాటలు మంచియే బుచ్చవ్వా, రక్తానికి మంచిది. మరి రక్తం మంచిగ పారాలంటె నాళం జర వెడల్పు కావాలె. వెడల్పు చేసేటిదెవరు?" అని సారు తూకపురాయి చేతిలోకి తీసుకున్నాడు. అరగంటయినా రాయి కిందపెట్టలేదు, రాయి లేక ఆమె ఎవరికీ తూచలేకపోయింది. చివరికి "సారూ, నీ కాల్మొక్త, ఊకెనే తీస్కపో" అని సంచి నిండా టమాటలు పోసి పంపింది.

చావు ఇళ్ళకు ఆయన్ను ఎవరూ పిలవరు, ఆయనే వస్తాడు. ఒక పెద్దాయన దినాలకు వెళ్ళి ఏడుస్తున్న కొడుకు భుజం మీద చెయ్యివేసి, "బాపు ఆఖరుదాంక మంచిగ విన్నడా?" అని అడిగాడు. కొడుకు ముక్కు చీదుతూ "విన్నడు సారూ, అందరి మాట విన్నడు" అన్నాడు. "మాట వినుడు గాదు నాయనా, సప్పుడు వినుడు. అంటె ఆయన చెవి లోపల నత్తగుల్ల తీరుగ ఉండేదాంట్ల రక్తం సక్కగ పారిందన్నట్టు" అని సారు కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. అక్కడ పిండాలు ఎండిపోతున్నాయని పంతులు మొత్తుకుంటున్నాడు.

మంగలి అంజన్న షాపులో ఒకరోజు "సారూ, చెవుల వెంట్రుకలు గూడ పెరిగినయి, కత్తిరియ్యనా?" అని కత్తెర ముందుకు తెచ్చాడు. సారు సగం గడ్డంతో కుర్చీలోంచి దూకాడు. "చెవి వెంట్రుకలతోనే వినేది అంజన్నా! లోపల్నయి ఒక్కసారి పోతె మళ్ళ మొలువయి!" అంజన్న భయపడి ఆ నెలంతా ఎవరి చెవి దరిదాపుల్లోకీ కత్తెర పోనివ్వలేదు. మందమర్రిలో సగం మంది మగవాళ్ళ చెవులపైన గుబురు పెరిగింది.

ఇదంతా ఒక ఎత్తు, గేటు సంగతి ఇంకో ఎత్తు. ఇంటి గేటు మీద ఆయన పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో ఎన్, ఓ అని సుద్దతో రాసుకున్నాడు. నైట్రిక్ ఆక్సైడ్‌కు కెమిస్ట్రీలో పొట్టి పేరు అదే కదా. వంటగ్యాసు బండివాడు వచ్చి దాన్ని 'నో' అని చదువుకుని, వద్దన్నారు కాబోలు అని సిలిండర్ దించకుండా పోయాడు. మూడు రోజులు కట్టెల పొయ్యి ఊదిన ఆయన భార్య వనిత, "ఈ ఇంట్ల ఒక గ్యాస్ ఎక్కువై ఇంకో గ్యాస్ లేకుంటైంది" అని గేటంతా కడిగింది.

అలాగని పిచ్చాడు అనేయకండి, నాకు కోపమొస్తుంది. సారు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాడు, బాగా చెబుతాడు. అంతకుముందు వరంగల్లో పదకొండేళ్ళు గినీ పందుల చెవుల మీద పరిశోధన చేశాడు. గైడు రిటైరయ్యాడు, గినీ పందులు కాలం చేశాయి, డాక్టరేటు రాలేదు. నైట్రిక్ ఆక్సైడ్ ఒక్కటే ఆయన్ను విడిచిపోలేదు. "పుట్టిన కొన్ని సెకండ్లకే అది మాయమైతదంటవు గద, మరి మా సంసారంల ఇరవై ఏండ్ల సంది ఎట్లున్నది?" అని వనిత అడిగేది. సారు దానికీ జవాబు చెప్పేవాడు.

ఎదురు క్వార్టర్‌లో ఉండేవాడు రాయమల్లు. ఈ కథలో నలిగినవాడు ఆయనే.

రాయమల్లు బొగ్గుబాయిలో ముప్పై ఏళ్ళు షాట్ ఫైరర్‌గా చేసి రిటైరయ్యాడు. బొగ్గు గోడకు బొక్కలు వేయించి, మందు కూరి, పేల్చడం ఆయన పని. బాయి మనుషులు పేలుడు సామానును మందు అనే అంటారు. అందుకని కొత్తవాళ్ళు కనబడితే "డ్యూటీకి పోయినంక మందు ముట్టని రోజు లేదు నాకు" అని రాయమల్లు మీసం దువ్వేవాడు. వాళ్ళు ఆయన భార్య ఎల్లక్క వంక జాలిగా చూసేవారు.

మూడేళ్ళ కిందట సారు ఈ ఇంట్లో దిగిన వారంలోనే రాయమల్లును చాయ్‌కి పిలిచి, మంచీ చెడ్డా ఏమీ లేకుండా, "రాయమల్లన్నా, నీ చెవుల నైట్రిక్ ఆక్సైడ్ ఉన్నది, ఎరుకేనా?" అన్నాడు.

రాయమల్లు చేతిలో గ్లాసు గాల్లోనే ఆగింది. బాయిలో మందు పేల్చాక లేచే పొగలో ఉండే విషపు గ్యాసుల్లో అదొకటి. ఆ పొగ పోయేదాకా ఒక్క అడుగు ముందుకు వేయవద్దని ట్రైనింగు మొదటిరోజే చెబుతారు. అంటే తను ముప్పై ఏళ్ళు పేల్చిన పొగంతా బయటికి పోకుండా చెవిలో తిష్ఠ వేసిందన్నమాట! ఆ రోజు నుంచి ఆయన గ్యాసు కిందికి జారిపోతుందని ఒకసారి ఎడమ చెవి కిందికి, ఒకసారి కుడి చెవి కిందికి పెట్టి పడుకోవడం మొదలుపెట్టాడు. ఎల్లక్క దేవుడికి ఊదుబత్తి ముట్టించబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"అగ్గిపుల్ల గియ్యకే! అంటుకుంటది!"

"ఏం అంటుకుంటది?"

"నేను!"

నాలుగు రోజులయ్యాక ఎల్లక్క తట్టుకోలేక సారును పిలుచుకొచ్చింది. "ఏం జెప్పినవు సారూ మా ఆయనకు? దేవునికి దీపం గూడ పెట్టనిస్తలేడు."

సారు సంతోషం చూడాలి. లేక లేక ఒకరు అడిగారు. "అన్నా, బాయిల పొగల ఉండేటిదీ ఇదీ ఒక్కటే."

"ఒక్కటేనా!" అని రాయమల్లు లేచి నిలబడ్డాడు.

"కూసో. ఒక్కటే గని, ఇది మన ఒంట్లనే తయారైతది, సూది మొనంత. ఇది కబురు మోసేటిది. దానికి చిట్టీ లేదు, సంచీ లేదు. కణం గోడలకెల్లి సక్కగ అవుతలికి పోయి, 'జర ఇటు రక్తం పంపుండ్రి' అని చెప్పి అక్కడనే ఖతం. కొద్దిగున్నంతసేపు మంచిదే. ఏండ్లకేండ్లు పెద్ద సప్పుళ్ళు వింటె చెవుల అది మస్తుగ తయారైతది, అప్పుడు చెవి లోపలి వెంట్రుక కణాలను ఖరాబు చేస్తది. అవి పోతె మళ్ళ రావు."

"నెత్తి మీదియే రాలే" అని రాయమల్లు తన గుండు నిమురుకున్నాడు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు.

ఎందుకంటే రాయమల్లుకు వినబడటం లేదు. రిటైరయ్యే ముందు నుంచే తగ్గుతూ వచ్చింది, ఇప్పుడు సగానికి పైగా పోయింది. ఈ సంగతి ఈ లోకంలో తనకొక్కడికే తెలుసని ఆయన నమ్మకం. ఎవరేమన్నా పెదవుల వంక చూసి అర్థం చేసుకునేవాడు, అర్థం కాకపోతే "అవు మల్ల" అనేవాడు, ఎదుటివాళ్ళు నవ్వితే నవ్వేవాడు, లేకపోతే తల ఊపేవాడు. ఈ మూడింటితోనే సంసారం నడిపేవాడు. ఒక్కోసారి బెడిసికొట్టేది. ఒకాయన తల పక్కకు తిప్పుకుని "మా బాపు పోయిండన్నా" అంటే, రాయమల్లు హుషారుగా "మంచిది, మంచిది, ఎప్పుడొస్తడు?" అన్నాడు. ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ పలకరించరు.

చెప్పేస్తే ఏం పోయింది అంటారా? విజిల్ పోతుంది. కాలనీలో ఏటా డిసెంబర్లో కబడ్డీ పోటీలు జరుగుతాయి. ఇరవై రెండేళ్ళుగా రాయమల్లే అంపైర్. బాయిలో ఆయన పెట్టిన మందు పేలి బొగ్గు రాలిపోయింది, ఎవరికీ గుర్తులేదు. కానీ మెడలో విజిల్ వేసుకుని గీత పక్కన నిలబడితే రెండు వేల మంది ఆయన చెయ్యి ఎటు లేస్తుందా అని చూస్తారు. కబడ్డీ అంపైర్‌కు కళ్ళెంత ముఖ్యమో చెవులూ అంతే ముఖ్యం. ఆటగాడు కూతకు పోయినప్పుడు 'కబడ్డీ కబడ్డీ' ఒక్క గుక్కలో సాగాలి, తెగిన క్షణమే విజిల్ పడాలి. కిందటేడు రెండుసార్లు కూత తెగినా రాయమల్లు విజిల్ ఊదలేదు. జనం గొణుక్కున్నారు. ఆయనకు ఆ గొణుగుడు కూడా వినబడలేదు.

ఇక సారు సంగతికొస్తే, ఈ మూడేళ్ళలో ఆయన పిచ్చి ముదిరి చట్టాలు చేసే దాకా పోయింది. మనిషిని వెనక నుంచి పిలవొద్దు, ముందుకొచ్చి ముఖంలో ముఖం పెట్టి పిలవాలి. లేకపోతే? నైట్రిక్ ఆక్సైడ్ గుప్పున పెరుగుతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడొద్దు. నైట్రిక్ ఆక్సైడ్. చుట్టం వస్తే టీవీ బందు పెట్టాలి. వంటింట్లోంచి అరవొద్దు, బయటికొచ్చి చెప్పాలి. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని మాట్లాడొద్దు.

"చెంగుకూ చెవికీ ఏం సంబంధం సారూ?" అని ఎల్లక్క అడగబోయింది. పక్కింటామె ఆమె నోరు మూసింది. "అడుగకు వదినె, పొయ్యి మీద పాలున్నయి!"

కాలనీ అంతా నవ్వుకుంటూనే పాటించింది. ఎదురుతిరిగితే నలభై నిమిషాల క్లాసు పడుతుంది మరి. రెండు నెలల్లో అందరికీ అలవాటైపోయింది. బయటి నుంచి వచ్చిన చుట్టాలు "మీ కాలనీల అందరు గిట్ల ఒకరి మొకం ఒకరు చూసుకుంట మాట్లాడుతరేంది?" అని పరేషాన్ అయ్యేవారు.

ఈ ఏటి పోటీలకు పది రోజుల ముందు కమ్యూనిటీ హాల్లో కమిటీ కూర్చుంది. సెక్రటరీ శ్యాంసుందర్ మంచివాడే, కానీ కిందటేటి గొడవ ఆయన మెడకు చుట్టుకుంది. నేల చూపులు చూస్తూ, "రాయమల్లన్నకు ఈసారి జర రెస్ట్ ఇద్దామనుకుంటున్నం" అన్నాడు.

తల కిందికి వంచి అన్నాడు, రాయమల్లుకు సగమే అందింది. "టెస్టా?" అని గుడ్లురిమాడు. "ఇరవై రెండేండ్లు విజిల్ ఊదినోన్కి టెస్టు పెడ్తరా? పెట్టుండ్రి! ఎవడు పెడ్తడో రమ్మనుండ్రి!"

కమిటీవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏదో తప్పు విన్నానని రాయమల్లుకు అర్థమైంది. ఇక విజిల్ పోయినట్టే.

అప్పుడు లేచాడు కైలాసం సారు. ఆయన్ను ఎవరు పిలిచారో, ఎప్పుడొచ్చి కూర్చున్నాడో ఎవరికీ తెలియదు. చేతిలో చాక్‌పీసు ఉంది. కమిటీ మెంబర్లు ముగ్గురు చెప్పులు వెతుక్కున్నారు.

"కబడ్డీల ఒక పెద్ద ప్రమాదమున్నది. కూతకు పోయినోడు గుక్కవట్టి అరుస్తడు. అరిస్తె నత్తగుల్లల ఏమైతది?" అని గోడ మీద నత్తగుల్ల గీశాడు. దానిలో మెట్లు గీశాడు, మెట్ల మీద వెంట్రుకలు గీశాడు. ముప్పై అయిదు నిమిషాలు గడిచాయి. ఒకాయన గోడకు ఆనుకుని గురక పెట్టాడు.

"సారూ, ఏం జెయ్యాల్నో అది జెప్పు" అని శ్యాంసుందర్ చేతులు జోడించాడు.

"తొడ."

"ఏందీ?"

"తొడ కొట్టాలె. కూత సాగినంతసేపు కుడిచెయ్యితోని తొడ కొట్టుకుంటనే ఉండాలె. కూత ఆగంగనే చెయ్యి ఆపాలె. కూత ఆగినంక కొట్టిండా, ఔట్. అట్లయితెనే నైట్రిక్ ఆక్సైడ్ హద్దుల ఉంటది. ఎందుకంటె..."

"కొడ్తరు సారూ, కొడ్తరు! రెండు తొడలు కొడ్తరు, నువ్వు కూసో!"

"కూసుంట. గని ఇది చూసేతందుకు గ్యాస్ సంగతి తెలిసిన అంపైర్ గావాలె. ముప్పై ఏండ్లు గ్యాస్ నడుమ బతికినోడు ఈ కాలనీల రాయమల్లన్న గాక ఎవరున్నరు? లేదంటె చెప్పుండ్రి, కొత్త అంపైర్‌కు నేను మొదట్నుంచి నేర్పుత." అని మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

"రాయమల్లన్ననే! రాయమల్లన్ననే!" అని కమిటీ ముక్తకంఠంతో అరిచింది. గురక పెట్టినాయన కూడా నిద్రలోనే చెయ్యెత్తాడు.

రాయమల్లుకు విజిల్ దక్కింది, సంతోషమే. కానీ సారు మీద ఒళ్ళు మండింది. "నా ఆటల గూడ గ్యాస్ జొర్రగొట్టిండు" అని ఇంటిదాకా తిట్టుకుంటూ పోయాడు.

పోటీల రోజు చూడాలి. కూతకు పోయినవాడల్లా తొడ టపటపా బాదుకుంటూ పోతుంటే ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకున్నారు, మళ్ళీ సారు చూస్తాడని తీసేశారు. సాయంత్రానికి కుడి తొడ వాయని ఆటగాడు లేడు. మెడికల్ షాపులో నొప్పి ట్యూబులు అయిపోయాయి. రాయమల్లు మాత్రం విజిల్ మీద విజిల్ ఊదుతున్నాడు, ఒక్కటీ తప్పడం లేదు. ఇన్నేళ్ళలో అంత హాయిగా అంపైరింగ్ చేయలేదు. ఎందుకో ఆలోచించే తీరిక లేదు.

ఫైనల్లో నీళ్ళట్యాంకు టీమూ బస్టాండు టీమూ సమానంగా ఉన్నాయి. ఆఖరి కూత. నీళ్ళట్యాంకు వాళ్ళ అరుణ్‌కుమార్ పోయాడు. అయిదుగురు కమ్ముకున్నారు. జనం కేకలకు పక్కవాడి మాట పక్కవాడికి వినబడటం లేదు. అరుణ్‌కుమార్ ఈడ్చుకుంటూ గీత వైపు ఎడమ చెయ్యి చాపాడు. పెదవులు ఆడుతూనే ఉన్నాయి. వేళ్ళు గీతను తాకాయి. దానికి ఒక్క లిప్త ముందు రాయమల్లు విజిల్ ఊది చెయ్యి ఎత్తాడు: ఔట్!

ఇక చూడండి గొడవ. "కూత ఉన్నది!" అని ఒకడు, "పెదవులాడినయి, మేం చూసినం!" అని ఇంకొకడు. నీళ్ళట్యాంకు వాళ్ళు రాయమల్లు చుట్టూ మూగారు. "అన్నా, నీకు వినబడ్డదా? నిజం చెప్పు!" అని ఎవడో అడిగాడు. రాయమల్లు విజిల్‌ను పిడికిట్లో బిగించాడు. ఇరవై రెండేళ్ళ పరువు గీత మీద నిలబడింది.

అరుణ్‌కుమార్ దుమ్ము దులుపుకుంటూ లేచాడు. "ఊకోండ్రి. గుక్క అయిపోయింది. ఊకెనే పెదవులాడిచ్చిన. ఇంత లొల్లిల ఈ అన్నకెట్ల దొరికిన్నో నాకు సమజైతలేదు."

"పాము చెవులురా అన్నయి!" అని ఎవరో అరిచారు. జనం రాయమల్లును భుజాల మీదికి ఎత్తారు. ఆ ఎత్తు మీద నుంచి చూస్తే, చాలా దూరంగా, ఎవరికో ఏదో చెబుతూ కైలాసం సారు కనబడ్డాడు. ఆ ఎవరో మెల్లగా వెనక్కి జరుగుతున్నారు.

రాయమల్లుకు తెలుసు, తను కూత వినలేదు. తొడ మీద చెయ్యి ఆగడం చూశాడు. పెదవులతో మోసం చేయవచ్చు, గుక్క అయిపోయినవాడికి చెయ్యి మాత్రం గుర్తుండదు. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంటే మింగుడు పడలేదు. తొడ సంగతి సరే. వెనక నుంచి పిలవొద్దన్నది ఎవరి కోసం? ఇద్దరు ఒకేసారి మాట్లాడొద్దన్నది? చెంగు అడ్డం పెట్టుకోవద్దన్నది?

మర్నాడు ఆదివారం, పొద్దున్నే రాయమల్లు వెళ్ళి సారు ఇంటి వసారాలో కూర్చున్నాడు. వనిత చాయ్ ఇచ్చి లోపలికి పోయింది.

"సారూ, ఒక్కటడుగుత. తొడ కొడితె చెవుల నైట్రిక్ ఆక్సైడ్ హద్దుల ఉంటదా?"

సారు నోరు తెరిచాడు. మూశాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఆ పేరు వినబడ్డాక ఈ ఇంట్లో నిశ్శబ్దం రావడం వనిత పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. ఆమె గడప దగ్గరికొచ్చి చూసింది.

"అంటె... కసరత్తు చేస్తె రక్తనాళాలల్ల..."

"కసరత్తు గాదు. తొడ."

"తొడ మీద... ఎవ్వరు పరిశోధన చెయ్యలే."

"ఎనుక నుంచి పిలిస్తె పెరుగుతదా?"

"ఆధారం లేదు."

"టీవీ? చెంగు? ఇద్దరొక్కసారి మాట్లాడుడు?"

"లేదన్నా, లేదు. అన్ని నేను అల్లినయే." సారు నుదుట చెమట పట్టింది. అబద్ధం ఒప్పుకున్నందుకు కాదు, తన నైట్రిక్ ఆక్సైడ్ మీద అబద్ధం ఆడినందుకు.

"పదకొండేండ్లు చదివిన దాని మీద, నా కోసం, అబద్ధాలాడినవా?"

"మరేం జెయ్యాలె? 'రాయమల్లన్నకు వినబడ్తలేదు, జర గట్టిగ మాట్లాడుండ్రి' అని చాటింపు వేస్తె నువ్వు నా గడప తొక్కుతుంటివా? వాళ్ళకు నేనెట్లనో పిచ్చోన్నే. ఇంకో నాలుగు పిచ్చిమాటలు ఎక్కువైతె నాకేం పోతది?"

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. నా క్లాసుల ఎనభై మందుంటరు. ఒక్కడు నా మొకం దిక్కు చూడడు. నువ్వు మాత్రం, నేను మాట్లాడినంతసేపు నా పెదవుల మీంచి కన్ను తియ్యలే. అంత శ్రద్ధగ వినెటోడు వినబడనోడే అయ్యుండాలె అనుకున్న."

రాయమల్లుకు నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి, నవ్వే ముందొచ్చింది కాబట్టి దాన్నే బయటికి రానిచ్చాడు. మూడేళ్ళుగా ఈ మనిషిని ఎన్నిసార్లు తిట్టుకున్నాడో తలచుకుంటే సిగ్గేసింది.

"చెవికి మిషన్ పెట్టుకుంటె వినబడుతదన్నా" అన్నాడు సారు మెల్లగా. వెంటనే గుర్తొచ్చి, గట్టిగా మళ్ళీ చెప్పాడు.

"పెట్టుకుంటె విజిల్ గుంజుకుంటరు."

"కండ్లద్దాలు పెట్టుకున్న అంపైర్ లేడా? చెవికి పెట్టుకుంటె తప్పా? ఎవడన్న అడిగితె నా దగ్గరికి పంపు."

ఆ బెదిరింపు చాలు, ఎవడూ అడగడని రాయమల్లుకు అర్థమైంది. "అయితె బుధవారం కరీంనగర్ పోదాం, చెవి డాక్టర్ దగ్గరికి" అన్నాడు. అన్నాక గుర్తొచ్చింది. రెండున్నర గంటల బస్సు, పక్క సీట్లో సారు. అయినా వెనక్కి తగ్గలేదు. కుర్చీ ముందుకు లాక్కుని, మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేలా కూర్చున్నాడు.

"సారూ, ఆ అల్లినయి అన్ని ఇడిసిపెట్టు. అసలు సంగతేందో, నిజమే, మొదట్నుంచి చెప్పు. నా దిక్కు చూసి, జర గట్టిగ."

"మొదట్నుంచా?"

"మొదట్నుంచే."

ఇరవై ఏళ్ళలో కైలాసం సారును ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఆయన చాక్‌పీసు కోసం జేబు తడిమాడు, దొరికింది, చేతిలో అలాగే పట్టుకుని కూర్చుండిపోయాడు.

"యాడ మొదలువెట్టాల్నో సమజైతలేదన్నా" అన్నాడు.

"యాడ్నుంచన్న వెట్టు" అన్నాడు రాయమల్లు, ఆయన పెదవుల మీద కన్ను ఉంచి. "నాకేం డ్యూటీ లేదు."